కాన్నే యుద్ధం రోజు వంతు ఎవరిది?

మచిలీపట్నం,
10 ఆగస్టు 1999

చి. శ్రావ్యకు,

నేను క్షేమం. నువ్వూ క్షేమమనే తేల్చుకున్నాను. జబ్బుపడ్డ మనిషి నలభై పేజీల అధ్యాయం టైపు చేయించి రిజిస్టరు పోస్టులో పంపదు.

చదివాను. రెండువేల రెండువందల ఏళ్ళ కిందట ఇటలీలో కాన్నే అనే చోట హన్నిబాల్ అనే ఆయన రోము సైన్యాన్ని నాలుగువైపులా కమ్మి కొట్టాడు. అంతవరకు ఒప్పుకున్నాను. ఆ సాయంత్రానికి డెబ్భైవేలమంది చచ్చారని ఒక చరిత్రకారుడు రాశాడు. కాదు, నలభై ఎనిమిదివేలేనని ఇంకొకాయన రాశాడు. మధ్యలో ఉన్న ఇరవైరెండువేలమంది తాము చచ్చారో బతికారో తెలియక అక్కడే నిలబడిపోయి ఉంటారు పాపం. మా స్కూల్లో ఆగస్టు పదిహేనున బిస్కెట్లు పంచడానికి పిల్లల్ని లెక్కపెడితే ముగ్గురు టీచర్లకి మూడు లెక్కలు వచ్చేవి. అదీ పిల్లలు వరసలో కదలకుండా నిలబడితే. మీవాళ్ళు బురదలో, దుమ్ములో, ఒకరి మీద ఒకరు పడివున్న శవాల్ని లెక్కపెట్టేశారు. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండగా అంతటి సమర్థులు ఒక్కరూ ఉద్యోగానికి రాలేదు.

ఆ పేర్లు నాకు నోరు తిరగవు. మొదటాయన గ్రీకువాడు కాబట్టి గ్రీకాయన అంటాను. రెండో ఆయనది పాడువా అనే ఊరట కాబట్టి పాడువాయన. మనవైపు మనిషిని ఊరిపేరుతో పిలిస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక ఇంటి సంగతి. మొన్న మీ చిన్నతాతయ్య భూషణం గుడివాడ నుంచి కారులో దిగాడు. చేతిలో రెండు కిలోల తొక్కుడు లడ్డు. బందరులో ఉన్న మనిషికి బందరు లడ్డు తెచ్చినవాణ్ణి అతన్నే చూశాను. సంగతేమిటంటే, దివిసీమలో మన ఊరి తూము దగ్గర నీటి సంఘానికి కొత్త భవనం కట్టారు. అతనే అధ్యక్షుడు. దాని ముందు మీ తాతయ్య విగ్రహం, విగ్రహం కింద నల్లరాతి మీద అక్షరాలు, ప్రారంభం రోజున ఒక సావనీరు. ఆ సావనీరులో 1962 నాటి కాలువ కొట్లాట చరిత్ర నువ్వు రాయాలట, రాతి మీద చెక్కే నాలుగు వాక్యాలు కూడా అందులోంచే తీస్తారట. "మన పిల్ల యుద్ధాల మీదే కదా వదినా పరిశోధన చేస్తోంది," అన్నాడు. యుద్ధాల మీద కాదు, యుద్ధాల గురించి అబద్ధాలు రాసినవాళ్ళ మీద అని చెప్పాను. "ఏదైతేనేం వదినా," అన్నాడు.

రాయి చెక్కాక కొట్టెయ్యడం కష్టం. రాసేముందు నాకు పంపు. ఫోనులో చదివి వినిపించకు. ఫోనులో మాట గాలికి పోతుంది.

హైమావతి
(నాయనమ్మ అని విడిగా రాయక్కర్లేదు, నీకు గుర్తుంటుంది)


హైదరాబాదు,
22 ఆగస్టు 1999

నాయనమ్మా,

నీ ఉత్తరం మా ప్రొఫెసరుగారికి చదివి వినిపించాను. బిస్కెట్ల దగ్గర ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈవిడ మన డిపార్టుమెంటులో ఎందుకు లేరు?" అన్నారు. ఉంటే మేమంతా ఉండేవాళ్ళం కాదని చెప్పాను.

నీ గ్రీకాయన గురించి ఇంకో సంగతి చెప్పాలి, విను. కాన్నే దగ్గర రోము సైన్యానికి ఇద్దరు సేనాధిపతులు, పౌలస్, వర్రో. ఇద్దరికీ సమానాధికారం కాబట్టి రోజు విడిచి రోజు వంతులు. ఒకరోజు సైన్యం పౌలస్ మాట వినాలి, మర్నాడు వర్రో మాట. నవ్వకు, నిజంగానే అలా నడిపారు. యుద్ధం జరిగినరోజు వంతు వర్రోదని, పౌలస్ వద్దు వద్దంటున్నా వర్రో తొందరపడి సైన్యాన్ని దింపాడని గ్రీకాయన రాశాడు. పౌలస్ పోరాడి చచ్చిపోయాడు, వర్రో గుర్రమెక్కి తప్పించుకున్నాడు. గ్రీకాయనకి ఇదంతా ఎవరు చెప్పారు? ఆయన రోములో బందీగా ఉన్నన్నాళ్ళూ ఉన్నది పౌలస్ మనవడి నీడలో. తిన్నది ఆ ఇంటి అన్నం. ఆ రోజు వంతు అసలు పౌలస్‌దేనేమో అని అనుమానించే పండితులు ఇప్పుడు కొందరున్నారు.

ఇక మన కాలువ. చిన్నతాతయ్య మూడు రాత్రులు ఫోనులో చెప్పారు, నేను ఇక్కడ రాధాకుమారి అత్తయ్య డైనింగ్ టేబులు మీద కూర్చుని రాసుకున్నాను. (అత్తయ్య రోజూ రెండు కూరలు చేస్తోంది. హాస్టలు మర్చిపోయాను.) ఇదీ చిత్తుప్రతి:

"1962 ఊడ్పుల కాలంలో పై ఊరివారు పంటకాలువకు అడ్డుకట్ట వేసి చివరి ఆయకట్టు ఎండగట్టారు. తూము కాపలాకు మన ఊరు ఇద్దరు పెద్దలను నియమించింది. వారే కీ.శే. నాగేశ్వరరావుగారు, పిచ్చేశ్వరరావుగారు. వీరు రోజు విడిచి రోజు వంతు చూసేవారు. ఆ దుర్దినాన వంతు పిచ్చేశ్వరరావుగారిది. నాగేశ్వరరావుగారు ఎంత వారించినా వినక, ఆయన మనుషులను కాలువలోకి దింపి కట్ట తెంపించబోయారు. రెండు గట్ల మీదా పొంచివున్న అయిదువందలమంది పై ఊరివారు వారిపై విరుచుకుపడ్డారు. నాగేశ్వరరావుగారితో కలిపి మనవారు ముగ్గురు అసువులు బాశారు. పిచ్చేశ్వరరావుగారు గట్టు వెంట పరుగెత్తి ప్రాణం దక్కించుకున్నారు."

ఎలా ఉంది?

శ్రావ్య


మచిలీపట్నం,
1 సెప్టెంబరు 1999

శ్రావ్యకు,

ఎలా ఉంది అన్నావు. నూటికి ముప్పైఒకటి వేశాను. ముప్పై దస్తూరీకి. ఒకటి మీ తాతయ్య పేరు తప్పులేకుండా రాసినందుకు.

అయిదువందలమంది పై ఊరివారు. పసిపిల్లల్ని, మంచంపట్టిన ముసలివాళ్ళని, పాడిగేదెల్ని కలుపుకుంటే ఆ ఊరు అప్పట్లో అయిదువందలు అయ్యేదేమో. ఊడ్పుల కాలంలో సగంమంది చేలల్లో ఉంటారు. పోనీ, గట్టు మీద అంతమంది నిలబడాలంటే గట్టు గుడివాడ దాకా సాగాలి. ఓడినవాడు ఎదుటివాళ్ళ సంఖ్య పెంచుకోవడంలో అర్థం ఉంది. ముప్పైమంది చేతిలో దెబ్బలు తిన్నామని చెప్పుకోవడానికి ఎవరికి బాగుంటుంది?

రెండోది. "ఎంత వారించినా." ఎవరు విన్నారు? నీ పాడువాయన కూడా ఇంతే. చావబోతున్న పౌలస్ రాతి మీద కూర్చుని, ఒళ్ళంతా నెత్తురు కారుతుండగా, పేరాలు పేరాలుగా ఉపన్యాసం ఇచ్చాడని రాశాడంటివి నీ అధ్యాయంలో. మీ తాతయ్య ఒళ్ళు బాగున్నరోజునే పది మాటలు మాట్లాడేవాడు కాదు. పెళ్ళిచూపుల్లో నన్ను అడిగిన ప్రశ్న "చదువుకున్నావా?" ఒక్కటే. చదువుకున్నాను అన్నాను. అయిపోయింది.

మూడోది. ఆ మాటలు నీకు చెప్పిన భూషణం ఆ రోజు ఎక్కడున్నాడో అడిగావా? గుడివాడలో. మధ్యాహ్నం ఆట సినిమాలో. కబురు తెలిసి మర్నాడు ఊళ్ళోకి వచ్చాడు. అంటే అతను చూసిన యుద్ధం తెర మీద జరిగినదే.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. వంతు పిచ్చేశ్వరరావుగారిదని రాశావు. నీకెలా తెలుసు? ఇంతకంటే నేను చెప్పను. రోము మనుషుల్ని అంతలేసి ప్రశ్నలు వేసినదానివి, దివిసీమ మనుషుల్ని ఒక్క ప్రశ్న వెయ్యలేకపోయావా?

పెడన నుంచి తెప్పించిన కలంకారీ దుప్పటి పంపుతున్నాను. మొదటిసారి విడిగా ఉతుకు, రంగు కారుతుంది.

హైమావతి


హైదరాబాదు,
14 సెప్టెంబరు 1999

నాయనమ్మా,

దుప్పటి విడిగానే ఉతికాను. బకెట్టులో నీళ్ళు కాన్నే మైదానంలా అయ్యాయి.

నీ కోపం నాకు అర్థమైంది. అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది, అందుకు సిగ్గుపడుతున్నాను. అయిదువందలు, వారించడం, సినిమా, అవన్నీ పైకి చెప్పిన సాకులు. అసలు బాధ, తాతయ్య గురించి నేను పొడిపొడిగా రాశానని కదూ? ఇంత పెద్ద త్యాగాన్ని "అసువులు బాశారు" అని రెండు మాటల్లో తేల్చేశాను. నువ్వు అలా పైకి అడగవని నాకు తెలుసు. అందుకే ఆ భాగం తిరగరాశాను:

"సింహంలా గట్టుకు అడ్డంగా నిలిచి, ఒంటరిగా పదిమందిని నిలువరించిన నాగేశ్వరరావుగారి పాదాల దగ్గర ఆ రోజు కాలువ ఎర్రబడింది. ఆయన నెత్తురు కారుతుంటే, ఆ వినాశనానికి కారకుడైన మనిషి వెనుదిరిగి చూడకుండా పరుగు తీశాడు."

చిన్నతాతయ్య ఫోనులో రెండుసార్లు చదివించుకున్నారు. రెండు వాక్యాలూ రాతి మీదకి వెళ్తాయట. పిచ్చేశ్వరరావుగారి పేరు కూడా చేర్చి.

ఇక నీ నాలుగో ప్రశ్న. వంతు ఆయనదని నాకెలా తెలుసు? చాలా గట్టి ఆధారముంది నాయనమ్మా. స్వయంగా పిచ్చేశ్వరరావుగారే అప్పుడు ఊరందరి ముందూ "వంతు నాదే" అని ఒప్పుకున్నారట. చిన్నతాతయ్యే కాదు, నాన్న కూడా అదే చెప్పాడు. తనకి నష్టం కలిగే మాట ఎవడూ ఊరికే చెప్పడు కాబట్టి అలాంటి సాక్ష్యాన్ని నమ్మాలి. మా శాస్త్రంలో ఇది మొదటి పాఠం. వర్రో ఒక్కముక్క రాసిపెట్టలేదు, అందుకే కాన్నే ఇంకా తేలలేదు. మన వర్రో ఒప్పేసుకున్నాడు. కేసు ముగిసింది.

ఈసారి కనీసం అరవై వెయ్యి.

శ్రావ్య


మచిలీపట్నం,
22 సెప్టెంబరు 1999

శ్రావ్యకు,

సున్నా.

సింహంతో నేను పధ్నాలుగేళ్ళు కాపురం చేశాను కాబట్టి చెబుతున్నాను, ఆయనకి కుక్క మొరిగితే భయం. అయినా దిగాడు. దిగడం గొప్ప. దానికి జూలు అతికించి నువ్వు చిన్నది చేశావు.

నీ అత్తయ్య రెండు కూరల సంగతి మొదటి ఉత్తరంలోనే రాశావు. అప్పుడే అనుకున్నాను. గ్రీకాయన పౌలస్ మనవడి ఇంట్లో తిన్నాడని ఎత్తిపొడిచిన పిల్ల, భూషణం కూతురి ఇంట్లో తింటూ భూషణం చెప్పింది రాస్తోంది. గ్రీకాయనకి ఒక సాకుంది, అతను బందీ.

నేను పొగడ్త అడిగాననుకున్నావు. ముప్పైఏడేళ్ళుగా ఈ కుటుంబంలో నేనేమన్నా దానికి ఇంకో అర్థం వెతుకుతూనే ఉన్నారు, నువ్వూ చేరావు. సరే, తిన్నగా చెబుతాను. ఒక్కసారే చెబుతాను.

తూము దగ్గర పద్ధతి ఏమిటో ఈ చరిత్ర రాసే మగవాళ్ళకి ఎవరికీ గుర్తులేదు. వంతు ఎవరిదైతే అతను ఆ రోజు ఇంట్లో తినడు. కాపలా మనుషులందరికీ అన్నం తూము దగ్గరికే వెళ్తుంది. వాళ్ళంతా తిన్నాక ఆఖరి విస్తరి అతనిది. వంతు లేనివాడు మామూలుగా ఇంట్లో తింటాడు. ఆ నెల పిచ్చేశ్వరరావుగారి భార్య సూర్యకుమారి పురిటికి పుట్టింటికి, పెదపారుపూడి వెళ్ళింది. అందుకని వంతు లేని రోజుల్లో ఆయన భోజనం మా ఇంట్లో.

ఆ రోజు తినకుండా తెల్లవారగట్ల వెళ్ళింది మీ తాతయ్య. మా వసారాలో విస్తరి ముందు కూర్చున్నది పిచ్చేశ్వరరావుగారు. నేను రెండోసారి పప్పు వేస్తుండగా కేకలు వినపడ్డాయి. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి గట్టు వెంట పరుగెత్తాడు. అవును, పరుగెత్తాడు. కాలువవైపు.

ఇదే మాట ఇనస్పెక్టరుకి చెప్పాను. గంటసేపు చెప్పాను. ఆయన రాసుకున్నది "మృతుని భార్య దుఃఖంలో ఉన్నందున విచారించలేదు" అని. ఊరిపెద్దల ముందు చెప్పాను. అప్పుడు పిచ్చేశ్వరరావుగారు లేచి, నా ముఖం చూడకుండా, "ఆవిడకి మనసు బాగోలేదు, వంతు నాదే" అన్నాడు. ఎవరి తరఫున నేను నిజం చెబుతున్నానో ఆ మనిషే నన్ను అందరి ముందూ అబద్ధాలకోరుని చేశాడు. ఆ తర్వాత ఊళ్ళో నేనేమన్నా "పాపం, ఆవిడకి మనసు బాగోలేదు" అనేవారు. నేను ఆయనతో ఆ రోజు నుంచి మాట్లాడలేదు. ఎందుకలా అన్నాడో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసని చెప్పను.

నీ మొదటి పాఠం ప్రకారం ఆయన మాటే నమ్మాలి కదా? నమ్ము. లేదా వెళ్ళి అడుగు. ముదినేపల్లిలో కొడుకు చేపల చెరువుల దగ్గర ఉంటున్నాడని విన్నాను.

హైమావతి


హైదరాబాదు,
24 అక్టోబరు 1999

నాయనమ్మా,

మొదట రెండు సంగతులు. హాస్టలుకి మారిపోయాను, ఇక్కడి కూర చూస్తే నువ్వే నన్ను వెనక్కి పంపేస్తావు. రెండోది, దసరా సెలవుల్లో ముదినేపల్లి దాకా వచ్చి బందరు రాలేదని తిట్టకు. నీ ఎదురుగా కూర్చుని ఈ మాట చెప్పే ధైర్యం చాలలేదు.

పిచ్చేశ్వరరావు తాతయ్య చెరువుగట్టు మీద పాక ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. ఎవరి మనవరాలినో చెప్పగానే పేపరు మడిచి పక్కన పెట్టారు. "మీ నాయనమ్మ ఇంకా ఎదుటివాళ్ళ మాటల్లో తప్పులు దిద్దుతోందా?" అని అడిగారు. ఎక్కువైందని చెప్పాను. "మంచిది, ఆరోగ్యంగా ఉందన్నమాట," అన్నారు.

వంతు గురించి అడిగాను. "నాదేనమ్మా, రాసుకో," అన్నారు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే మాట. వాక్యం కూడా మారలేదు. నువ్వే చెప్పేదానివి గుర్తుందా, పిల్లలు బట్టీపట్టిన జవాబు అడిగిన ప్రతిసారీ ఒకేలా వస్తుందని? నాకు అక్కడే అనుమానం గట్టిపడింది. "అయితే ఆ రోజు మీరు నాయనమ్మ చేతి పప్పు తినలేదా?" అన్నాను.

ఆయన మడిచిన పేపరు మళ్ళీ విప్పారు. పాకలోంచి సూర్యకుమారి నాయనమ్మ గట్టిగా అందుకుంది. "ఇంకా ఎన్నాళ్ళు మోస్తారండీ? ఆవిడే చెప్పిందిగా పిల్లకి. చెప్పేయండి, నాకు వినాలనుంది."

అప్పుడు చెప్పారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"మీ తాతదేనమ్మా వంతు. ఆరోజు తొందరపడ్డాడు. నారు ఎండిపోతోంది, ఎవడాగుతాడు? వాడి మాట మీద దిగి ఇంకో ఇద్దరు పోయారు, ఇద్దరూ పెళ్ళాలున్నవాళ్ళే. ఆ ఊళ్ళో అప్పుడు ఏడుపు ఎలా ఉండేదో నీకు తెలీదు. వాడు పంపాడు, వాడు చంపాడు అని రేపో ఎల్లుండో మొదలయ్యేది. చచ్చినవాణ్ణి ఏంచేస్తారు? పెళ్ళాం పిల్లల మీద తీర్చుకుంటారు. ఆవిడ ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ ఊళ్ళోనే ఉండాలి. నాకేం, కాళ్ళున్నాయి, వచ్చేశాను. ఆవిడేమో లేచి నిజం చెప్పేస్తోంది! ఆవిణ్ణి ఆపడానికి ఇంకో దారి కనపళ్ళేదమ్మా."

తర్వాత నన్ను ఒకటి అడిగారు. సావనీరులో ఉన్నది ఉన్నట్టు ఉంచెయ్యమన్నారు. "పోయేవయసులో ఇప్పుడు నాకు మంచిపేరెందుకు, వాడి విగ్రహానికి మచ్చెందుకు" అన్నారు.

నాయనమ్మా, నా మొదటి పాఠం చెరువులో పడింది. తన మీద తానే అబద్ధం చెప్పుకునే సాక్షి కూడా ఉంటాడని మా పుస్తకాల్లో లేదు. ఇంకోటి చెప్పనా? కాన్నే తర్వాత వర్రో రోముకి తిరిగొస్తే ఊరుఊరంతా ఎదురువెళ్ళిందట, రాజ్యం మీద ఆశ వదులుకోనందుకు కృతజ్ఞతలు చెప్పిందట. ఆ విషయంలో రోము మన ఊరికంటే నయం.

చిన్నతాతయ్యకి ఇచ్చిన వ్యాసం వెనక్కి తీసుకున్నాను. "నీ పేరు లేకుండా వేసుకుంటాను," అన్నారాయన. రాయి చెక్కడం మొదలైపోయిందట. నిజం రాసి ఇద్దామంటే పిచ్చేశ్వరరావు తాతయ్య వద్దన్నారు. రాయకపోతే ఆయన పేరు పిరికివాడని రాతి మీద ఉండిపోతుంది. నేనేం చెయ్యాలో తెలియడం లేదు. ఇది ఆయనా నువ్వూ తేల్చుకోవలసింది అనిపిస్తోంది.

నీ
శ్రావ్య


మచిలీపట్నం,
16 నవంబరు 1999

చి. శ్రావ్యకు,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్ళు జవాబు రాయకుండా ఎవరి ఉత్తరమూ ఉంచలేదు నేను. ఏం రాయాలో తెలియక కాదు. ముందు చెయ్యాల్సినవి చేసి రాద్దామని.

ప్రారంభోత్సవం మొన్న ఆదివారం అయింది. భూషణం కారు పంపించాడు. నేను బస్సులో వెళ్ళాను. విగ్రహం చూశాను. మీ తాతయ్యకి మీసం పెట్టారు. ఆయనకి మీసం లేదు. విగ్రహం చేసినాయన "వీరుడు కదండీ" అన్నాడు. కింద రాతి మీద నీ సింహం వాక్యం, దాని కింద పిచ్చేశ్వరరావుగారి పేరుతో సహా పరుగు వాక్యం, బంగారు రంగు అక్షరాల్లో. దస్తూరీ మాత్రం బాగుంది.

ముసుగు తీయమని నన్ను పిలిచారు. తీసి, మైకు నా చేతికి తీసుకున్నాను. రెండు మాటలే అన్నాను. ఆ రోజు వంతు మా ఇంటాయనది. పిచ్చేశ్వరరావుగారు మా వసారాలో అన్నం తింటూ లేచి, కాలువవైపు పరుగెత్తారు. మూడో మాట అనేలోపు మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. వేదిక మీద ఫ్యాను మాత్రం చక్కగా తిరుగుతోంది.

భూషణం నా దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు. "వదినా, నీకు ఒంట్లో..." అని. మనసు బాగోలేదని ఈసారి ఎవరైనా అంటారేమోనని నేను సిద్ధంగానే ఉన్నాను. అతను నోరు తెరవకముందే కింద కుర్చీల్లోంచి రత్నకుమారి లేచింది. నీకు తెలియదు, ఆ రోజు పోయిన మిగతా ఇద్దరిలో ఒకాయన భార్య. ఎనభైకి దగ్గరపడింది. మైకు లేకుండానే మాట్లాడింది.

"భూషణం, ఆవిణ్ణి కూర్చోబెట్టకు. నేను ఆ రోజు గట్టు మీద బట్టలుతుకుతున్నా. పిచ్చేశ్వరరావు నన్ను తోసుకుంటూ కాలవలోకి దిగాడు. మా ఆయన్ని ఒడ్డుకి ఈడ్చింది అతనే. నా కళ్ళతో చూశా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు భూషణం.

"హైమావతి బాధపడుతుందని. ఆవిడ మొగుణ్ణి అనుకుంటారని. అయినా నన్నెవడడిగాడు?" అంది.

ఆ వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అవును అవునన్నారు. విన్నావా? మగవాళ్ళంతా ఒక చరిత్ర నమ్ముతున్నారు. ఆడవాళ్ళందరికీ ఇంకో చరిత్ర తెలుసు. నేను చెప్పానని ఆయన ఆపాడు. ఆయన ఆపాడని నేను అలిగాను. నేను బాధపడతానని వాళ్ళు దాచారు. ఊరుఊరంతా ఒకరి మీద ఒకరు దయచూపించుకుంటూ ముప్పైఏడేళ్ళు ఒక అబద్ధాన్ని సాకారు. ఇంత దయ లేకపోతే నిజం ఆ సాయంత్రమే తేలేది.

రాయి ఇంకా అలాగే ఉంది. మార్పిస్తానన్నాడు భూషణం. ఎప్పుడని అడిగితే సంఘం తీర్మానం చెయ్యాలన్నాడు. తీర్మానమయ్యేదాకా విగ్రహం మీద ముసుగు మళ్ళీ వేయించి వచ్చాను. మీసం కూడా కనపడదు.

మర్నాడు ముదినేపల్లి వెళ్ళాను. సూర్యకుమారి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది, కాఫీ పెట్టడానికని చెప్పి. ఆయన లేచి నిలబడ్డాడు. ఎంతసేపటికీ కూర్చోడు. చివరికి నేనే కూర్చున్నాను.

"అన్నయ్యగారూ, మీరు నన్ను అందరి ముందూ అబద్ధాలకోరుని చేశారు," అన్నాను.

"చేశానమ్మా."

"కాపాడమని మిమ్మల్ని ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"ముందు నాతో ఒక మాట అని ఉండాల్సింది."

"అంటే ఏమనేదానివి?"

"వద్దనేదాన్ని."

"అందుకే అన్లేదు," అన్నాడు.

సూర్యకుమారి తెచ్చిన కాఫీ తాగాను. ఆ మనిషి మీద ఇంకా కోపంగానే ఉన్నాను. అది కూడా చెప్పాను. "ఉండమ్మా, నీ ఇష్టం," అన్నాడు. మళ్ళీ వచ్చే ఆదివారం వెళ్తున్నాను. ముప్పైఏడేళ్ళ కోపం ఒక్కపూటలో అయ్యేది కాదు.

నీ కాన్నే అధ్యాయం తిరగరాసేటప్పుడు వర్రోదే తప్పని రాయకు, పౌలస్‌దని కూడా రాయకు. తెలియదు అని రాయి. ఆ మాట రాయడానికి నీకు ఎంత కష్టంగా ఉంటుందో అప్పుడు చూద్దాం, మార్కులు వేస్తాను.

సంక్షిప్తంగా రాద్దామని కూర్చుని ఇంత రాశాను. తప్పు నాదే.

నాయనమ్మ